చేప పోతే కుర్రాడిని తిట్టడం ఆపండి

అంతర్వేది నుంచి కాకినాడ దాకా, ట్రోలింగ్‌కి (నడిచే బోటు వెనక ఎర లాగుతూ చేసే రాడ్ వేటకి) వెళ్లే ఏ బోటు చూసినా ఇదే వరస. వంజరం కొడుతుంది, రీలు గిర్రున తిరుగుతుంది, ఠప్పున లైను తెగుతుంది, వెంటనే అందరూ కలిసి రాడ్ పట్టుకున్న కుర్రాడి మీద పడతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆ లైను ఎప్పుడు మార్చారు, రీలు ఎప్పుడు కడిగారు అని ఓనర్‌ని ఒక్కరూ అడగరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అన్నాళ్లూ రీళ్లు డ్రాగ్ (చేప లాగినప్పుడు లైనుని అదుపుగా వదిలే బ్రేకు) బిగించినవి బిగించినట్టే షెడ్డులో పడుంటాయి. లోపల వాషర్లు నలిగి అతుక్కుపోతాయి. మళ్లీ వేటకెళ్లి మొదటి చేప తగలగానే డ్రాగ్ సాఫీగా జారదు, పట్టి పట్టి వదులుతుంది, ఆ కుదుపుకే సగం లైన్లు తెగేది. ఒడ్డుకి రాగానే డ్రాగ్ వదులు చేయడానికి అర నిమిషం పట్టదు కదా!

కడిగేవాళ్లు కడిగే తీరు ఇంకా ఘోరం. మోటారు పైపు పెట్టి జోరుగా కొడితే ఉప్పంతా తిన్నగా బేరింగుల్లోకి పోతుంది. కడిగేటప్పుడు మాత్రం డ్రాగ్ బిగించి ఉంచి, సన్నటి ధారతో మంచినీళ్లు పోసి, గుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వాలి, ఆరాక పూర్తిగా వదులు చేయాలి. వరద రోజుల్లో మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఎర్రనీటిలో తిరిగితే సన్నటి ఒండ్రు లైనుతో పాటు స్పూల్ (లైను చుట్టే చక్రం) మీదకి చుట్టుకుంటుంది. కాబట్టి ఇంటికొచ్చాక లైను కొంత బయటికి లాగి, తడిగుడ్డలోంచి పోనిస్తూ మళ్లీ చుట్టుకోండి.

తంగూసు (నైలాన్ లైను) ఎండకి పెళుసెక్కుతుంది. చివరి నాలుగైదు బారలు వేళ్ల మధ్య లాగి చూడండి, ఎక్కడైనా గరుకుగా తగిలితే అక్కడికి కోసేయండి. రాడ్ రింగుల్లో దూది తిప్పి చూడండి, పోగులు చిక్కుకున్నాయంటే ఆ రింగే లైనుని కోస్తోందన్నమాట. వేలు పోసి కొన్న లూర్‌ని (ఉత్తుత్తి ఎరని) పాతబడ్డ తంగూసుకి కట్టేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది.

డ్రాగ్ చేతి అంచనాతో పెట్టకండి, స్ప్రింగ్ త్రాసుతో చూడండి. 50 పౌండ్ల లైనుకి 15 పౌండ్ల దగ్గర ఉంటే చాలు. ఎందుకంటే చేప లైను లాక్కుపోయి స్పూల్ మీద చుట్ట మొత్తం వ్యాసం సగానికి పడిపోతే, అదే బిగింపుకి లైను మీద లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి "బిగించరా, బిగించు!" అని అరుస్తారు. బిగిస్తే తెగక ఏమవుతుంది?

ఇంకోటి. ప్రతి రాడ్ లైనుకీ పది బారల దగ్గర ఒకటి, ఇరవై బారల దగ్గర ఒకటి మైనం రాసిన దారం గట్టిగా చుట్టి గుర్తు పెట్టుకోండి. ఏ దూరంలో చేప కొట్టిందో తెలుస్తుంది, లూర్‌ని మళ్లీ అక్కడికే వదలొచ్చు.