పంటి నొప్పి రాని ముస్లిం

మా పక్కింటి లెక్కల మాస్టారికి పన్ను నొప్పి మొదలై మూడు వారాలైంది. దవడలో లవంగం పెట్టుకుని సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటున్నారు. డాక్టరు రూట్ కెనాల్ అన్నాడట. రేటు విని మాస్టారు వాయిదా వేశారు. ఐదు పూటలా నమాజు చేస్తారు, టెన్త్ పిల్లలకు త్రికోణమితి చెబుతారు, బోరు మోటారు కరెంటు బిల్లు వంతుల్లో ఎనిమిది రూపాయల తేడా వచ్చినా ఊరుకోరు.

చాలా ఆలోచించి నేను తేల్చుకున్నదేమంటే, ఆయన ముస్లింగా పనికిరారు. మతపరంగా కాదు లెండి, సాహిత్యపరంగా. 2001 సెప్టెంబరు 11న అమెరికా మీద జరిగిన విమాన దాడుల తర్వాత పాశ్చాత్య నవలాకారులు ఎంతో కష్టపడి కొన్ని ప్రమాణాలు ఏర్పరిచారు. వాటి ముందు మాస్టారు ఒక్క పేరా కూడా నిలబడలేరు. ఆ నవలల్లో ముస్లింకి పన్ను నొప్పి రాదు. వస్తే పేలుడు ఆలస్యమవుతుంది.

ఉదాహరణకి అమెరికాలో పెద్ద పేరున్న జాన్ అప్‌డైక్. 2006లో ఒక నవల రాసి దానికి 'టెర్రరిస్ట్' అని పేరు పెట్టాడు. కుర్రాడు ఏమవుతాడో అని పాఠకుడికి టెన్షన్ లేకుండా అట్ట మీదే చెప్పేయడం ఆయన పెద్దమనసు. కుర్రాడు అహ్మద్, వయసు 18. తల్లి ఐరిష్ మూలాలున్న అమెరికన్, ఈజిప్టు తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. పుట్టి పెరిగింది న్యూజెర్సీలోనే, అయినా ఇంగ్లిష్ మాత్రం నిన్ననే విమానం దిగినవాడిలా, గ్రాంథికంలో మాట్లాడతాడు. తోటి పిల్లల భాష వాడి చెవిన పడి ఉండదు. ఇమాము మాట విని కాలేజీ వద్దనుకుని హెవీ లైసెన్స్ తీసుకుంటాడు. మన దగ్గర హెవీ లైసెన్స్ వచ్చినవాడు ఇసుక లారీ ఎక్కుతాడు. అహ్మద్ ఎక్కింది బాంబు లారీ, వెళ్లాల్సింది న్యూయార్క్‌లోకి పోయే లింకన్ సొరంగంలోకి.

చివరి ఘడియలో అతని స్కూల్లో సలహాలు చెప్పే పెద్దాయన ఆ లారీలో పక్కన కూర్చుంటాడు. ఈ పెద్దాయనకి నిద్రపట్టని రాత్రులున్నాయి, లావైపోయిన భార్య ఉంది, అరవై దాటాక అహ్మద్ తల్లితోనే ఒక వ్యవహారం కూడా ఉంది. మనిషికి ఉండాల్సిన కంపు అంతా ఉంది. ముస్లిం కాదు కనుక అవన్నీ పెట్టుకునే వెసులుబాటు ఆయనకి దొరికింది. అహ్మద్‌కి దేవుడొక్కడే ఇచ్చారు.

డాన్ డెలిల్లో 2007లో రాసిన 'ఫాలింగ్ మ్యాన్' పద్ధతి వేరు. అందులో మూడు భాగాలు, ఒక్కో భాగం చివర కొద్ది పేజీలు మాత్రం ఆ సెప్టెంబరు దాడుల్లోని హమ్మాద్ అనే హైజాకర్‌వి. మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు విలన్ వచ్చి వెళ్లినట్టు. ఉన్నమాట చెప్పుకోవాలి, అతనికి ఒక ప్రియురాలిని, కాసింత సందేహాన్ని కూడా ఇచ్చాడు రచయిత. ఆపాటి ఖర్చు పెట్టినవాళ్లే తక్కువ.

ఫ్రాన్సులో మిషెల్ వెల్‌బెక్ ఇంకో మెట్టు ఎక్కాడు. ఆయన నవల 'సబ్‌మిషన్' 2015 జనవరి 7న విడుదలైంది. సరిగ్గా ఆ రోజే పారిస్‌లో షార్లీ ఎబ్డో అనే వ్యంగ్య పత్రిక ఆఫీసు మీద దాడి చేసి 12 మందిని కాల్చి చంపారు. నవల్లో 2022లో ఒక ముస్లిం నాయకుడు ఫ్రాన్సు అధ్యక్షుడవుతాడు, ఆడవాళ్లు ఉద్యోగాలు మానేస్తారు, దాంతో నిరుద్యోగం తగ్గిపోతుంది. సోర్బాన్ యూనివర్సిటీకి సౌదీ డబ్బు వస్తుంది. మతం మారిన ప్రొఫెసర్‌కి పెద్ద జీతం, వంటకి ఒక పెద్ద భార్య, ఇంకోదానికి పదిహేనేళ్ల చిన్న భార్య. ఇక్కడ రచయిత కర్ర ఎత్తింది ముస్లింల మీద కాదు, జీతానికి నమ్మకాలు అమ్ముకునే ఫ్రెంచి మేధావుల మీద అని పండితులంటారు. ఒప్పుకుంటాను, నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ కర్ర ఆనించి పెట్టుకున్నది ఎవరి భుజం మీద?

ఆడవాళ్లది పూర్తిగా వేరే శాఖ. అక్కడ సగం పని పుస్తకం అట్టే చేస్తుంది. ఇసుక, మసీదు మినారు, నల్లటి గుడ్డ, దానిలోంచి రెండు కళ్లు. కళ్లకి కాటుక తప్పనిసరి. 2003లో వచ్చిన 'రీడింగ్ లోలిటా ఇన్ టెహ్రాన్' అనే జ్ఞాపకాల పుస్తకం అట్ట మీద తలగుడ్డలు కట్టుకున్న ఇద్దరమ్మాయిలు తలలు వంచి ఏదో చూస్తుంటారు. చూడగానే అయ్యో పాపం అనిపిస్తుంది. అసలు ఫొటోలో వాళ్ల చేతుల్లో దినపత్రిక ఉంది. 2000లో ఇరాన్ పార్లమెంటు ఎన్నికలప్పటి వార్తలు చదువుతున్నారు వాళ్లు. అట్ట వేసినవాళ్లు పత్రికని కత్తిరించి అమ్మాయిల్ని ఉంచారు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ హమీద్ దబాషీ దీన్ని 2006లో బయటపెట్టి రచ్చ చేశాడు. ఎందుకో నాకర్థం కాలేదు. ఎన్నికల వార్తలు చదివే అమ్మాయిని మనం జాలిపడి కొనుక్కోవడం ఎలా?

జాలికి పరాకాష్ఠ నార్మా ఖౌరీ. జోర్డాన్‌లోని అమ్మాన్‌లో తన ప్రాణ స్నేహితురాలు ఒక క్రైస్తవుణ్ణి ప్రేమించిందని కన్నతండ్రే పొడిచి చంపాడని, అంతకుముందు తామిద్దరూ కలిసి ఆడా మగా ఇద్దరికీ సెలూన్ నడిపామని నిజ కథగా రాసింది. ఆస్ట్రేలియాలో ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. అమ్మాన్ ఆడవాళ్లు అందులో 73 తప్పులు ఏరి ప్రచురణకర్తకి పంపారు. ఆయన చలించలేదు. జోర్డాన్ గురించి జోర్డాన్ వాళ్లకేం తెలుసు? 2004లో సిడ్నీ పత్రిక ఒకటి ఆరా తీస్తే తేలిందేమంటే, ఆవిడ మూడేళ్ల వయసులోనే షికాగో వెళ్లిపోయింది. అప్పుడుగానీ పుస్తకం షాపుల్లోంచి వెనక్కి రాలేదు. తప్పులు పట్టినవాళ్లలో రానా హుస్సేనీ ఉంది. జోర్డాన్‌లో నిజంగా జరిగిన పరువు హత్యల మీద ఏళ్ల తరబడి వార్తలు రాసిన విలేకరి ఆమె. నిజం శవాల లెక్క ఆమె దగ్గర ఉంది, అబద్ధం శవానికి మార్కెట్ దొరికింది.

అందరూ ఇంతే అంటే అబద్ధం. సూడాన్ నుంచి బ్రిటన్ వెళ్లిన లైలా అబూలేలా 'మినారెట్' నవల్లో లండన్‌లో ఇళ్లలో పనిచేసే నజ్వా ఉంది. మసీదుకి వెళుతుంది, ప్రేమలో పడుతుంది, ఏమీ పేల్చదు. అట్ట వేసేవాళ్లకి అదెంత తలనొప్పో ఆవిడ ఆలోచించినట్టు లేదు.

సరే, మాస్టారి దగ్గరికి వద్దాం. ప్రమాణాలు తెలిస్తే మెరుగుపడతారేమోనని అప్‌డైక్ నవల ఇచ్చి చదవమన్నాను. రెండు రోజులకే తెచ్చిచ్చారు. దవడ వాపు తగ్గలేదు గానీ మొహం తేటగా ఉంది.

"మూడో పేజీకల్లా నిద్రపట్టేసిందండీ, తెల్లారేదాకా నొప్పే తెలియలేదు. ఈ రచయితవే ఇంకేమైనా ఉన్నాయా?" అన్నారు.