బీరువా పై అరలో విడిది చేసిన ఉన్ని మఫ్లర్ గారికి

మహారాజశ్రీ మఫ్లర్ గారికి,

బెజవాడ నుంచి మీ ఇంటి సేవకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం చెమటల్లో క్షేమం. మీరు పాత దిండు గలేబులో, ఎండిన వేపాకుల మధ్య క్షేమమని తలుస్తాను. ఇది మే నెల. కరెంటు పోయి ఇరవై నిమిషాలైంది, ఒక చేత్తో విసురుకుంటూ ఇంకో చేత్తో ఫోన్లో రాస్తున్నాను, కాబట్టి మాట కాస్త కటువుగా పడితే మన్నించాలి.

మీ వంశం గొప్పదే, కాదనను. మనాలీ వెళ్లినవాళ్లం మంచు చూసి వచ్చేయక కులూలో దిగి మగ్గాలు చూశాం. ఆ లోయలో భుట్టి నేతగాళ్ల సహకార సంఘం 1944 నుంచీ ఉంది, కులూ శాలువాకి ఆ ప్రాంతం సొంత సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా ఉంది. నేసేవాడు అంచు దగ్గర రంగు దారాలు ఒక్కొక్కటే వేళ్లతో దూరుస్తుంటే మెలికల ముగ్గు లాంటి బొమ్మ తేలుతోంది, నాన్న అక్కణ్ణుంచి కదిలితేనా. మీరూ మీ తమ్ముడూ కలిసి 4400 రూపాయలు. "బెజవాడలో ఇవి ఎప్పుడేసుకుంటారండీ?" అంది అమ్మ. "ఏం, మనకి చలికాలం రాదా?" అన్నారు నాన్న.

వచ్చింది. సంక్రాంతి ముందు ఓ పది రోజులు, తెల్లవారుజామున 18 డిగ్రీలు. ఆ మాత్రానికే మా ఊళ్లో వాకింగ్ వాళ్లంతా మంకీ క్యాపులు తగిలించుకుని దొంగతనానికి బయల్దేరినట్టు తిరుగుతారు. నాన్న మిమ్మల్ని చెవుల మీదుగా గడ్డం కిందికి బిగించి ముడేసుకుని పున్నమి ఘాట్ వైపు వెళ్తే, దారిలో ఇద్దరు ఆపి "పంటి నొప్పా అండీ?" అని అడిగారట. మర్నాడు మా అబ్బాయి నేర్పాడు: రెండు కొసలూ కలిసేలా సగానికి మడిచి మెడ వెనకనుంచి వేసుకుని, కొసలు రెండూ ఆ మడతలోంచి దూర్చి వదులుగా లాగాలి. వదులుగానే ఎందుకంటే ఉన్ని పోగుల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనం, బిగిస్తే అది కాస్తా పోతుంది. కింద కాలరున్న కాటన్ చొక్కా ఉంటే దురదా ఉండదు. ఇంత పాఠం అయ్యేసరికి ఏడున్నర, ఎండెక్కింది, మీరు స్కూటర్ డిక్కీలో ఇంటికొచ్చారు.

మా కండువాని చూడండి. పక్కనే మంగళగిరి నుంచి తెచ్చిన నూలుది. భుజాన వేస్తే పెద్దరికం, తలకి చుడితే ఎండకి అడ్డు, పరిస్తే కూర్చోడానికి, మొహం తుడిస్తే తువ్వాలు. బకెట్లో నానేసి బండకేసి బాదితే ఇంకా మెత్తబడుతుంది. పోనీ మీ జాతివాడే, మన గొంగళి, గొర్రెలు కాసేవాడు వానలో నెత్తిన కప్పుకునేది, దాన్నెవరూ గలేబులో పెట్టి పూజించలేదే! ఒక్క విషయంలో మాత్రం మీరు దానికి వారసులే, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇక మీ తమ్ముడి సంగతి. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. మిగతా బట్టలతో పాటు వాషింగ్ మెషీన్లో వేడినీళ్ల మీద తిప్పాను. గంట తర్వాత బయటికి తీస్తే మూరెడు అట్టముక్క చేతికొచ్చింది. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయట, వేడీ సబ్బూ రాపిడీ తగిలితే అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఇక విడవవు. సాగదీశాను, నీళ్లలో నానబెట్టాను. ఉహూ.

అప్పటినుంచి మీ సేవ అమ్మ చేతికి పోయింది. "గొర్రె బొచ్చంటే వెంట్రుకేగా, తలంటు పోస్తే సరి" అని కుంకుడుకాయలు నానబెట్టి, ఆ రసం చన్నీళ్లలో కలిపి మిమ్మల్ని అందులో ముంచి మెల్లగా అదిమింది. రుద్దలేదు, పిండలేదు. పొడి తువ్వాల్లో చాపలా చుట్టి, చేత్తో నొక్కి నీరు తీసి, నీడన మంచం మీద పరిచింది. దండెం మీద వేస్తే తడి బరువుకి సాగిపోతారట. మా చెల్లి బాలింతగా ఉన్నప్పుడు కూడా ఇంట్లో ఇన్ని జాగ్రత్తలు లేవు.

అంత చేసినా పురుగు భయం. చిల్లులు పెట్టేది ఎగిరే పురుగు కాదు, అది పెట్టిన గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగు. దానికి ఉన్నే భోజనం, చెమటా కూర మరకా అంటి ఉంటే విందు భోజనం. అందుకే ఉతక్కుండా లోపల పెట్టకూడదు. కలరా ఉండల వాసన నాన్నకి పడదు, వేపాకు పెట్టాం. వానాకాలం కృష్ణమ్మ గాలికి మీరు తేమ పీల్చేస్తారని నెలకోసారి దించి విదిలించి గాలికి పెట్టాలి. ఆ పని నాది, అదీ పది రోజుల వాడకానికి!

ఆ మధ్య కోపమొచ్చి నాన్నకి రోడ్డు పక్కన 150 రూపాయల మఫ్లర్ ఒకటి కొన్నాను, "ప్యూర్ ఉల్ సార్" అన్నాడు. నాన్న ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించారు. కరిగి గట్టి నల్లపూసైంది, ప్లాస్టిక్ కంపు. మీ కుచ్చులోంచీ ఒక పోగు తీసి అంటిస్తే జుట్టు కాలిన కమురు, వేళ్ల మధ్య పొడైపోయే బూడిద. నాన్న నావైపు చూసిన చూపుంది చూశారూ.

మీ తమ్ముడు మాత్రం వృథా పోలేదు. అమ్మ ఆ అట్టముక్కని నాలుగు మడతలేసి మసిగుడ్డ చేసుకుంది. పొయ్యి మీంచి పప్పు గిన్నె దించితే చెయ్యి అస్సలు కాలదట, ఇంత మంచి మసిగుడ్డ జన్మలో చూడలేదట. రోజుకి రెండు పూటలా పనిలో ఉన్నాడు. మీరే ఆలోచించుకోండి.

ఇట్లు,
మీ ఇంటి సేవకుడు

తా.క. వచ్చే వారం నాన్న ఢిల్లీ ప్రయాణం, ఏసీ బోగీ, పై బెర్తు. రైలువాళ్ల దుప్పటి వద్దట, మెడకి మీరే కావాలట. రేపు పొద్దున దించి గాలికి వేస్తాను, వేపాకులు దులుపుకుని సిద్ధంగా ఉండండి.