ఆకాశమే దిక్కంటే ఎలా?

సముద్రానికి ఇంత దూరంలో, కడపలో కూర్చుని పడవల దారి గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనీయండి. గండికోటలో బోటింగ్ ఉంది. శ్రీశైలం వెనుక జలాల్లో మరబోట్లు తిరుగుతున్నాయి. మన ప్రొద్దుటూరు, రాయచోటి నుంచి అమెరికా వెళ్లినవాళ్లలో శని, ఆదివారాలు బోటు తీసుకుని సరస్సుల మీదికి, సముద్రం మీదికి పోయేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరికీ దారి చూపేది ఒక్కటే, ఉపగ్రహం. అది మొరాయిస్తే ఏమిటన్న ప్రశ్నకు ఒకప్పుడు జవాబు ఉండేది. ఆ జవాబును ప్రభుత్వాలే ఖర్చు దండగని ఆపేశాయి. అది తెలివైన పొదుపు కాదని నా వాదన.

ఆ జవాబు పేరు లోరాన్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో పుట్టింది. తీరం వెంట ఎత్తయిన టవర్లు రేడియో సంకేతాలు పంపుతుంటాయి. రెండు టవర్ల సంకేతాలు ఎంత తేడాతో చేరాయో పడవలోని రిసీవర్ కొలుస్తుంది. ఒక్క మైక్రోసెకనులో రేడియో తరంగం వెళ్లే దూరం 300 మీటర్లు, లెక్కంతా దాని మీదే. మన దేశంలోనూ పడమట వేరావల్, ధ్రాంగధ్రా, తూర్పున బాలాసోర్, డైమండ్ హార్బర్ లాంటి చోట్ల ఈ కేంద్రాలు నడిచాయి. 2000 మే నెలలో క్లింటన్ ప్రభుత్వం పౌరుల జీపీఎస్ మీద కావాలని పెట్టిన లోపాన్ని తీసేయడంతో కచ్చితత్వం ఒక్కసారిగా పెరిగింది. ఉపగ్రహాలు వచ్చాక లోరాన్ అవసరమేమిటని ఒబామా 2009లో బడ్జెట్ కోతల్లో దీన్నీ చేర్చారు. ఏడాదికి మిగిలేది దాదాపు 3.5 కోట్ల డాలర్లు. 2010 ఫిబ్రవరి 8న అమెరికా టవర్లు మూగబోయాయి. ఐరోపాలో 2015 చివరికి దాదాపు అన్నీ ఆగిపోయాయి.

ఓడల కంపెనీలకు పెద్ద నొప్పి తెలియలేదు. దెబ్బ తగిలింది సరదాకు, చేపలకు వెళ్లే చిన్న పడవల వాళ్లకు. లోరాన్ చెప్పే చోటు మ్యాపు మీద పావు మైలు తప్పొచ్చు. కానీ నిన్న రిసీవర్ చూపిన ఆ సమయం తేడా అంకెలనే ఇవాళ పట్టుకుని వెళ్తే కొన్ని పదుల మీటర్ల తేడాతో మళ్లీ అక్కడికే చేరుస్తుంది. మునిగిన ఓడ ఎక్కడుంది, దాని చుట్టూ చేపలు ఎక్కడ ఆగుతాయి, ఇవన్నీ ఆ అంకెల్లోనే నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. అంకెలను అక్షాంశ రేఖాంశాల్లోకి మారిస్తే చాలాసార్లు ఆ చోటు దొరకలేదు. టవర్లతో పాటు ఆ పుస్తకాలూ చెత్తబుట్టకే. ఒక తరం పోగేసుకున్న నీటి జ్ఞానానికి ఏ బడ్జెట్ పద్దులోనూ విలువ కట్టలేదు.

అయినా నా వాదనకు అసలు ఆధారం అది కాదు. 'రాయల్ మెజెస్టీ' అనే విహార నౌక.

1995 జూన్‌లో ఆ ఓడ 1,500 మందికి పైగా జనంతో బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయలుదేరింది. రేవు దాటి గంటసేపు కాకుండానే జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. రిసీవర్ చప్పుడు చేయకుండా అంచనా పద్ధతిలోకి మారిపోయింది. అంటే ఓడ వేగం, దిశ తీసుకుని 'ఇక్కడ ఉండి ఉండాలి' అని లెక్క కట్టడం. గాలి, ప్రవాహం పక్కకు నెట్టేది ఆ లెక్కలోకి రాదు. తెరపై మూలన చిన్న అక్షరాల్లో ఆ సంగతి కనిపిస్తూనే ఉంది, ఎవరూ చూడలేదు. అధికారులు గంట గంటకూ ఆ తెర మీది స్థానాన్నే చార్టుపై గుర్తు పెట్టుకుంటూ పోయారు. చివరికి జూన్ 10 రాత్రి నాన్టకెట్ దీవి దగ్గర ఇసుక మేటల మీదికి ఎక్కింది. ఉండాల్సిన దారికి 17 మైళ్లు పక్కన. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. అదే ఓడలో లోరాన్ రిసీవర్ ఉంది. చక్కగా పని చేస్తోంది. ఓడ నిజంగా ఎక్కడుందో అది చెబుతూనే ఉంది. ఒక్కసారి రెండు తెరలనూ పక్కపక్కన పోల్చి చూసి ఉంటే చాలు. ఒక యంత్రం మౌనంగా అబద్ధం చెప్పినప్పుడు పట్టుకోగలిగేది వేరే దారిలో పని చేసే ఇంకో యంత్రమే. దాన్ని చూడకపోవడం ఆ అధికారుల తప్పు. కానీ ఆ ఘటన నుంచి 15 ఏళ్లకు మనం నేర్చుకున్న పాఠం చూడండి: చూడమని చెప్పడం కష్టమనుకున్నారో ఏమో, రెండో తెరనే లేకుండా చేశారు.

అవతలి వాదన తేలిగ్గా తీసేసేది కాదు. లోరాన్ వాడేవాళ్లు తగ్గిపోయారు, టవర్ల పోషణ భారం, కచ్చితత్వంలో జీపీఎస్ ముందు అది నిలవదు. పైగా ఇప్పటి ఫోన్ ఒక్క జీపీఎస్ మీదే ఆధారపడదు. రష్యా, ఐరోపా, చైనా ఉపగ్రహాలతో పాటు కొన్ని ఫోన్లలో మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా పని చేస్తుంది. ఇన్ని ఉండగా ఇంకేం కావాలంటారు. ఇన్నీ ఒకే జాతివి కావడమే చిక్కు. జీపీఎస్ ఉపగ్రహం 20 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. దాని సంకేతం నేలకు చేరేసరికి మిగిలే శక్తి ఒక వాట్‌లో కోటి కోట్లో వంతు కన్నా తక్కువ. మిగతా దేశాల ఉపగ్రహాలదీ దాదాపు అదే బలం, పక్కపక్క పౌనఃపున్యాలే. లోరాన్ టవర్ అయితే లక్షల వాట్లతో, 100 కిలోహెర్ట్జ్ దగ్గర కొట్టేది. దాని సంకేతాన్ని నొక్కేయాలంటే భారీ యాంటెన్నాలే కావాలి. జీపీఎస్‌ను నొక్కడానికి జేబులో పట్టే పెట్టె చాలు. న్యూజెర్సీలో ఒక డ్రైవర్, తన బండి ఎక్కడుందో యజమానికి తెలియకూడదని అలాంటి పెట్టె పెట్టుకుని తిరిగితే పక్కనున్న నెవార్క్ విమానాశ్రయంలో పరికరాలు తికమకపడ్డాయి. 2013లో అతనికి దాదాపు 32 వేల డాలర్ల జరిమానా పడింది. ఆ డ్రైవర్‌కు విమానాల మీద ఏ పగా లేదు, పాపం.

ఇది అమెరికా ముచ్చట అనుకోకండి. 2025లో ఢిల్లీ విమానాశ్రయం పరిసరాల్లో విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు అందాయని కేంద్రమే పార్లమెంటులో ఒప్పుకుంది. ఏం కాలేదంటే కారణం, విమానయాన రంగం నేల మీది పాత రేడియో పరికరాలను కొంతమేర బతికించుకోవడం. ఉత్తర కొరియా పదే పదే జీపీఎస్‌ను చెడగొడుతుంటే దక్షిణ కొరియా కొత్త తరం లోరాన్ కట్టుకుంది. ఒకప్పుడు ఆపేసిన బ్రిటన్ కూడా మళ్లీ ఆ వైపు అడుగులేస్తోంది. విమానానికి రెండో దారి కావాలని ఒప్పుకున్నవాళ్లు పడవకు అక్కర్లేదని ఎలా తేల్చారు?

నావిక్ ఉందిగా అంటారు. మన శ్రీహరికోట నుంచే పోయింది, గర్వమే. అయితే మొదటి ఉపగ్రహంలోని మూడు అణు గడియారాలూ 2016లో చెడిపోయాయి. దాని స్థానంలో 2017లో పంపిన దానికి ఉష్ణకవచం విడిపోక కక్ష్యే దక్కలేదు. 2025 జనవరిలో శ్రీహరికోట వందో ప్రయోగంగా వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. ఇస్రోను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అంతరిక్షం అలాంటిది. నా ఫిర్యాదు నేల మీద ఏమీ ఉంచుకోకపోవడం గురించి.

గండికోట లోయలో దీన్ని ఎవరైనా గమనించవచ్చు. రెండు వైపులా నిటారు కొండలు వాలుగా ఉన్న ఉపగ్రహాలను అడ్డుకుంటాయి, సంకేతాలు రాళ్లకు తగిలి తిరిగొస్తాయి. ఫోన్‌లో మీ చుక్క ఎదుటి గట్టెక్కినా ఆశ్చర్యం లేదు. జలాశయం కింద తాళ్లప్రొద్దుటూరు ఇళ్ల గోడలున్నాయి, శ్రీశైలం నీళ్ల కింద ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి. నీటిమట్టం తగ్గితే ఏ గోడ ఎంత లోతులో ఉందో ఉపగ్రహం చెప్పదు. అది చెప్పగలిగేది అక్కడే పుట్టి పెరిగిన పడవవాడు. వాడికి మనం ఇచ్చే గౌరవమెంతో టికెట్ కౌంటర్ దగ్గర చూస్తూనే ఉన్నాం.

నిజానికి నన్ను కుదిపేది టవర్లు కాదు, ఆ టవర్లను ఆపిన బుద్ధి. రెండోది దండగ అనే బుద్ధి. సీమకు దాని దెబ్బ బాగా తెలుసు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాంలో 19వ గేటు గొలుసు తెగింది. 70 ఏళ్ల నాటి గేట్లు. అత్యవసరంగా దించడానికి స్టాప్‌లాగ్ గేటు ఒక్కటీ సిద్ధంగా లేదు. నిండిన డ్యాంలోంచి అనంతపురం ఎగువ కాలువకు, కర్నూలు దిగువ కాలువకు రావాల్సిన నీళ్లను నదిలోకి వదిలేసుకోవాల్సి వచ్చింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు బృందం వరదలోనే నిలబడి తాత్కాలిక గేటు దించితే తప్ప ఆగలేదు. మరుసటి ఏడాది 105 టీఎంసీల డ్యాంలో 80 దగ్గరే నిల్వ ఆపేశారు. అంతకు ముందు, 2021 నవంబరులో, అన్నమయ్య ప్రాజెక్టులో ఒక గేటు తెరుచుకోక, కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. రెండు చోట్లా ఖర్చు ఆదా చేశామనే అనుకున్నారు. శంకుస్థాపనకు వచ్చే నాయకుడు స్పేర్ గేటుకు రాడు, దానికి శిలాఫలకం ఉండదు. టవర్ మరమ్మతుకూ అంతే.

కాబట్టి కోరేది ఇదీ. తీరంలో కొత్త తరం లోరాన్ నిలపడానికి కేంద్రం డబ్బు కేటాయించాలి, దాన్ని నావిక్‌కు పోటీగా కాక తోడుగా చూడాలి. మన జలాశయాల్లో బోట్లకు అనుమతి ఇచ్చే అధికారులు ప్రతి బోటులో దిక్సూచి, మునిగిన ఊళ్లు గుర్తించిన కాగితం మ్యాపు ఉన్నాయో లేదో చూడాలి. ఫోన్ జేబులోనే ఉంచి ఒడ్డుకు తేగలడో లేదో సరంగును నీటి మీదే పరీక్షించి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.