పర్ర మీద సార్ల దయ

తీరంలో పర్రను, అంటే పోటు నీళ్లు వచ్చిపోయే ఉప్పు చిత్తడి నేలను చూస్తే మన సార్లకు చేతులు దురద పెడతాయి. ఖాళీగా ఉందట! హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) తోడ్పాటుతో తయారైన బంజరు భూముల అట్లాసులో చిత్తడి నేలలదీ ఒక వర్గమే, రాతి గుట్టలతో పాటు. కేంద్ర ప్రభుత్వమే 2019 తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్‌లో ఉప్పు చిత్తడులను అత్యంత సున్నితమైన 1ఏ వర్గంలో పెట్టింది. రెండూ ఒకే బీరువాలో పెడితే కొట్టుకుంటాయని కాబోలు, మనవాళ్లు మొదటిదే చదువుతారు.

తనిఖీకి ముహూర్తం సముద్రం వెనక్కి తగ్గే 'పాటు' వేళలోనే కుదురుతుంది. సార్లు గట్టు మీదే ఆగుతారు.

"ఏముందయ్యా ఇక్కడ?"

"ఏం లేదండి, బురదండి."

"ఆ కదిలేదేంటి?"

"పీతండి."

"రికార్డులో ఉందా?"

"లేదండి."

"అయితే లేనట్టే."

అంతలో పెద్దసారు గట్టు దిగి ఒక అడుగేస్తే బూటు దిగబడుతుంది. లాగితే కాలొస్తుంది, బూటు రాదు. నలుగురు వంగుతారు, ఒకరు ఫొటో తీస్తారు, ఇంకొకరు "క్షేత్ర పరిశీలన పూర్తి" అని రాసుకుంటారు. నేల మెత్తన, మెరక చేయాలి అని నివేదిక. వారంలో గ్రావెల్ లారీలు. వర్షాకాలంలో అదే గ్రావెల్ మీద వనమహోత్సవం!

సార్లు నీళ్లు ఎక్కే పోటు వేళ వచ్చి ఉంటే రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు పెద్ద చేపలకు దొరక్కుండా పర్ర కాలవల్లో పెరగడం కనిపించేది. ఇలకూర లాంటి ఉప్పు మొక్కల కాడలు అలల జోరు తగ్గిస్తాయి, ఒండ్రు అక్కడే దిగి నేల పెరుగుతుంది. గాలి అందని బురదలో చచ్చిన వేళ్లు త్వరగా కుళ్లవు, కార్బన్ భూమిలోనే ఉండిపోతుంది. పర్ర ఇంత పని జీతం లేకుండా చేస్తుంది కాబట్టే దానికి విలువ లేదు.

2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం ఇలాంటి నేలలోనే పెరిగే మడ అడవిని పూడ్చారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇల్లు వద్దని ఎవరన్నారు? మెరక మీద పెద్దల వెంచర్లు, సముద్రం వచ్చే దారిలో పేదల ప్లాట్లు. ఇదేం న్యాయం? 1977 నవంబర్ 19న దివిసీమలో ఉప్పెన వేలమందిని మింగింది. ఆ శవాలు లెక్కపెట్టిన తీరంలోనే ఇంకా అలలకు అడ్డుండే నేలను పూడుస్తున్నారంటే సిగ్గులేదూ? రేపు తుపానొస్తే హెలికాప్టర్ నుంచి పులిహోర పొట్లాలు విసురుతారు. ఆ జనాన్ని అక్కడ పెట్టిన సంతకం ఎవరిదో ముందు చెప్పండి, పొట్లాలు తర్వాత విసురుదురుగాని.