తలుపుకి వీపు చూపించండి

శుక్రవారం రాత్రి మొదలుపెట్టిన వీడియో గేమ్ ఆదివారం రాత్రికల్లా పూర్తయిపోవాలి. దీన్ని గేమ్ జామ్ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళకి తెలుగు వచ్చి ఉంటే చివర కొమ్ము తగిలించి ‘జాము’ అనేవాళ్ళు. 48 గంటలంటే సరిగ్గా 16 జాములు. అందులో ఏ జాములోనూ నిద్ర ఉండదు.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. లూడమ్ డేర్ 2002లో మొదలైంది, గ్లోబల్ గేమ్ జామ్ 2009లో. ముందే ఇంట్లో వండుకొచ్చి అక్కడ వడ్డించకుండా, గంట కొట్టాకే థీమ్ ఏమిటో చెబుతారు. 2013లో లూడమ్ డేర్ ఒకసారి ‘పది సెకన్లు’ అని ఇచ్చింది. మేం చేరింది ఇంత పేరున్న జామ్‌లో కాదు, చిన్నదాంట్లో. శుక్రవారం రాత్రి థీమ్ వచ్చింది: ‘చూపు’.

మేం అంటే ఇద్దరం. కోడ్ నాది, బొమ్మలు మా మిత్రుడివి. థీమ్ చదివిన అరనిమిషానికే వాడు ఫోన్ చేశాడు.

“ఒరేయ్, సర్రియల్‌గా చేద్దాంరా. కలలోలాగా. ఒక ఇల్లు, లోపల తిరుగుతూ పజిల్స్. లాజిక్ అక్కర్లేదు, పని సగం తగ్గిపోతుంది.”

నేను నమ్మాను. లాజిక్ లేనట్టు కనిపించడానికి ఎంత లాజిక్ రాయాలో అప్పటికి నాకు తెలీదు. మామూలు ఆటలో గోడ గోడలా ఉంటే చాలు. కలలో గోడకి మాత్రం ఎప్పుడు గోడలా ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో, ఎవరు చూస్తుంటే ఉండాలో విడివిడిగా చెప్పుకోవాలి.

పైగా వాడు చరిత్ర కూడా చెప్పాడు. 1998లో ప్లేస్టేషన్‌కి ‘ఎల్‌ఎస్‌డీ’ అని ఒక ఆట వచ్చింది. దాన్ని విడుదల చేసిన కంపెనీలో ఒకావిడ పదేళ్ళపాటు తన కలలన్నీ డైరీలో రాసుకుంటే, ఆ డైరీ ఆధారంగా తయారుచేశారు. అందులో గోడకి తగిలితే చాలు, ఇంకో లోకంలో తేలతాం. “చూశావా, ఎంత సింపులో!” అన్నాడు. వాళ్ళ దగ్గర పదేళ్ళ కలలున్నాయి. మా దగ్గరున్నవి రెండే రాత్రులు. ఆ రెండు రాత్రులూ నిద్రే లేకపోతే ఇంక కలలెక్కడివి?

మొదటి మూడు జాములు మెట్లకి పోయాయి.

1958లో లయనల్ పెన్‌రోజ్, ఆయన కొడుకు రోజర్ పెన్‌రోజ్ కలిసి ఒక వ్యాసంలో ఒక మెట్ల బొమ్మ వేశారు. నాలుగు వైపులా ఎక్కుతూనే ఉంటాం, చుట్టూ తిరిగి మళ్ళీ మొదటి మెట్టు మీదికే వస్తాం. మా ఇంట్లో అవే మెట్లు ఉండాలని మావాడి పట్టుదల. కట్టాను. దూరం నుంచి, ఒకే ఒక్క చోటి నుంచి చూస్తే అద్భుతం. తీరా ఆటలో అడుగుపెట్టి కెమెరాని బెత్తెడు పక్కకి జరిపానో లేదో, చివరి మెట్టుకీ మొదటి మెట్టుకీ మధ్య నిలువెత్తు సందు. ఆ మాయంతా ఒక్క కోణంలోనే ఉంది. 2014లో వచ్చిన మాన్యుమెంట్ వ్యాలీ లాంటి ఆటల్లో ఇలాంటి మెట్లు అంత చక్కగా కుదిరాయంటే, అక్కడ ఎంత దూరంలో ఉన్న వస్తువైనా చిన్నదిగా కనిపించని చూపు పెట్టి, మనల్ని ఇష్టమొచ్చినట్టు తల తిప్పనివ్వరు కాబట్టి. మాది కథానాయకుడి కళ్ళతో చూసే ఆట. అతగాడి తల ఆటగాడి చేతిలో ఉంటుంది, మా చేతిలో ఉండదు.

“ఆ సందుకి అడ్డంగా ఒక పూలకుండీ పెట్టు,” అన్నాడు మిత్రుడు.

పెట్టాను. కథానాయకుడు మెట్లెక్కాడు, కుండీ పక్కనుంచి దూరాడు, అనంతమైన నల్లటి శూన్యంలోకి పడుతూ పడుతూ పోయాడు. తెల్లవారింది. మెట్లు తీసేశాను. కుండీ ఉంచాను, ఏదో జ్ఞాపకంగా.

శనివారం నడవా పని. ముందుకి నడిస్తే ఎప్పటికీ తరగదు, వెనక్కి తిరిగితే నాలుగు అడుగుల్లో అయిపోతుంది. ఇది మాత్రం ఎలా చేయాలో నాకు తెలుసు. అచ్చం ఒకేలా ఉండే రెండు నడవాలు కట్టాలి. ఆటగాడు మొదటిదాని మధ్యకి రాగానే గప్‌చుప్‌గా ఎత్తి రెండోదాంట్లో అదే చోట దించాలి. నిద్రపోతున్న పిల్లాణ్ణి ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదికి మార్చినంత మెల్లగా అన్నమాట. అతను నిలబడ్డ చోటు, నడుస్తున్న వేగం, చూస్తున్న దిక్కు, మూడూ చెక్కుచెదరకూడదు. నేను మొదటి రెండూ రాశాను. మూడోది మర్చిపోయాను. దాంతో ఎత్తి దించిన ప్రతిసారీ మనిషి ఉత్తరానికి తిరిగిపోయేవాడు. దక్షిణానికి బయల్దేరినవాడు రెండడుగులు వేసి, తనకి తెలీకుండానే వెనక్కి తిరిగి, బయల్దేరిన గదికే చేరేవాడు. ఇరవై నిమిషాలు అలాగే నడిచాక అనుమానమొచ్చి మిత్రుడికి చూపించాను.

“అబ్బ! ఇదేరా కల అంటే. ఇదే ఉంచెయ్.”

సర్రియల్ ఆటతో వచ్చే చిక్కే ఇది. ఎంత పెద్ద తప్పు చేసినా దాని తరఫున వాదించడానికి ఒక లాయరు సిద్ధంగా ఉంటాడు. మామూలు ఆటలో కారు గాల్లో తేలితే అది బగ్. మా ఆటలో తేలకపోతే, తేలలేదేం అని నన్ను నిలదీసేవాడు.

నేను గర్వంగా చెప్పుకునే పజిల్ ఒకటే: చూస్తున్నంతసేపూ తెరుచుకోని తలుపు. దాని ముందు నిలబడి ఎంత తట్టినా, తోసినా కదలదు. వీపు చూపిస్తే తెరుచుకుంటుంది. థీమ్ ‘చూపు’ కదా, ఇంతకన్నా ఏం కావాలి? లోపలి లెక్క కూడా ముచ్చటైనదే. ఆటగాడి చూపు ఎటుందో చెప్పే బాణం ఒకటి, ఆటగాడి దగ్గర్నుంచి తలుపు ఎటుందో చెప్పే బాణం ఇంకొకటి. ఈ రెంటి డాట్ ప్రోడక్ట్ సున్నాకి పైన ఉంటే తలుపు ముందున్నట్టు, కిందికి పడితే వెనకున్నట్టు. ఇంటర్లో మాస్టారు బోర్డు మీద ఇది రాస్తున్నప్పుడు “జీవితంలో దీంతో ఏం పని?” అనుకున్న నేను, శనివారం అర్ధరాత్రి ఆయనకి మనసులోనే సాష్టాంగపడ్డాను. తలుపు కిర్రుమన్న చప్పుడు వెనకనుంచి వచ్చేసరికి, రాసిన నాకే ఒళ్ళు జలదరించింది.

ఈలోపు మిత్రుడు నడవా చివర పెట్టాల్సిన పాతకాలం గడియారం గీస్తున్నాడు. అది వచ్చేదాకా చోటు ఖాళీగా ఉండకూడదని ఒక గులాబీ రంగు డబ్బా పెట్టాను. ఆరు ముఖాల డబ్బా, కళ్ళు చెదిరే రంగు. మార్చడం మర్చిపోకుండా ఉండాలంటే ఎంత అసహ్యంగా ఉంటే అంత మంచిదని మా వృత్తిలో నమ్మకం.

ఆదివారం మధ్యాహ్నం ఫోల్డర్ మొత్తం మా తమ్ముడికి కాపీ చేసి ఇచ్చాను, ఆడి చూడమని. పది నిమిషాల్లో ఫోన్.

“అన్నయ్యా, నిద్రలో నడిచే మనిషి అన్నావు. వీడు దొంగతనం చేసి పారిపోతున్నాడు.”

నా స్క్రీన్ సెకనుకి 60 సార్లు మారుతుంది, వాడిది 144 సార్లు. నేనేమో స్క్రీన్ మారినప్పుడల్లా ఒక అడుగు అని రాసిపెట్టాను. వాడి దగ్గర మా నిద్రగన్నేరు గారు రెండు రెట్లు దాటిన వేగంతో పరిగెత్తి, గోడని గోడ అని గుర్తించేలోపే అవతల తేలాడట. అడుగుని గడిచిన కాలంతో గుణించాలన్నది ఈ పనిలో ఓనమాలు. దిద్దుకున్నాను.

తర్వాత మా మేనకోడలు వచ్చి నా కుర్చీలో కూర్చుంది. దానికి తొమ్మిదేళ్ళు. తాళంచెవి తీసుకుంది, మొదటి గది దాటింది, నా తలుపు దగ్గరికొచ్చి ఆగింది. తట్టింది. తోసింది. నేను ఊపిరి బిగబట్టాను.

“మామయ్యా, ఇది ఆటేనా, లేక పాడైపోయిందా?”

జవాబు చెప్పలేదు. విసుగొచ్చి వెనక్కి తిరిగింది. కిర్రుమంది. చటుక్కున ఇటు తిరిగింది, తలుపు మూసేసి ఉంది. మళ్ళీ అటు. కిర్రు. పిల్ల మొహంలో నెమ్మదిగా ఒక నవ్వు విచ్చుకుంది. రెండు రాత్రుల జాగారానికి ఆ నవ్వు చాలనుకున్నాను. తర్వాత ఆ తలుపులోంచి వీపుతోనే, వెనకడుగులు వేసుకుంటూ వెళ్ళింది. అలాగే వెళ్ళాలి. నడవా చివర డబ్బాని చూసి “హాయ్ పింకీ!” అంది. ఇప్పుడే మార్చేయాలి అనుకున్నాను. గడియారం ఇంకా రాలేదు.

రాలేదు కూడా. డెడ్‌లైన్‌కి పదకొండు నిమిషాలుండగా మిత్రుడు పంపింది, ముళ్ళు లేని గడియారం. “అదీ సర్రియలే,” అన్నాడు. పెట్టే టైము లేదు. బ్రౌజర్లో ఆడుకునేలా బిల్డ్ చేసి అప్‌లోడ్ చేశాను. తెర వచ్చిందా, వచ్చింది. ‘మొదలుపెట్టు’ మీట నొక్కానా, నొక్కాను. ఆటగాడు క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు చప్పుడు రానివ్వవు కాబట్టి ఆ మీట తప్పనిసరి. చప్పుడు వచ్చింది. గది కనిపించింది. ఇంక చాలనుకుని పడుకున్నాను.

సోమవారం లేచేసరికి కామెంట్లు.

మొదటిది: “మొదటి గదిలో నలభై నిమిషాలు తిరిగాను. తాళంచెవి ఎక్కడా లేదు. తర్వాత అర్థమైంది, వెతకడమే ఆట అని. కళ్ళు చెమర్చాయి.”

నావి కూడా చెమర్చాయి, వేరే కారణానికి. గది మధ్యలో బల్ల మీద తాళంచెవి ఉంటుంది, గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. పరిగెత్తుకెళ్ళి బ్రౌజర్లో చూశాను. బల్ల ఉంది, తాళంచెవి లేదు. మిత్రుడు బొమ్మ ఫైల్ పేరుని ఇంగ్లీషులో పెద్దక్షరంతో మొదలుపెట్టాడు, నేను కోడ్‌లో చిన్నక్షరంతో పిలిచాను. నా కంప్యూటర్‌కి ఆ రెండూ ఒకటే, అడిగిన వెంటనే తెచ్చి ఇచ్చింది. తమ్ముడిదీ అంతే. బిల్డ్ చేశాక మాత్రం అది పెద్దా చిన్నా తేడా పాటించే పట్టింపు మనిషి, “ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు” అని తలుపేసుకుంది. మన లిపిలో ఈ పెద్దక్షరాల బాధే లేదు. ఫైలుకి హాయిగా తెలుగులో పేరు పెట్టుకుని ఉంటే పోయేది.

బొమ్మ రాలేదు గానీ, దాన్ని తీసుకునే చోటు మాత్రం బల్ల మీద అలాగే ఉంది. తిరిగి తిరిగి ఎవరైనా బల్లకి రాసుకుంటే ‘టింగ్’మని తాళంచెవి చేతికొచ్చేది. దాని మీద ఒకాయన నాలుగు పేరాలు రాశాడు. మనకి కావాల్సింది ఎప్పుడూ మన ముందే ఉంటుందని, కళ్ళు దాన్ని చూడలేవని, ‘చూపు’ అనే థీమ్‌ని ఇంత లోతుగా పట్టుకున్నవాళ్ళు ఈ జామ్‌లో లేరని.

పింకీ మీద అయితే చర్చే నడిచింది. అది కథానాయకుడి బాల్యమని ఒకరు, చనిపోయిన చెల్లెలని ఇంకొకరు. నడవా చివర దాన్ని చూడగానే ఏడుపొచ్చిందని మూడో మనిషి. పూలకుండీ ఏమిటని ఒక్కరూ అడగలేదు, దాని వెనక ఒక రాత్రంతా ఉన్నా.

మరి నా తలుపు? డాట్ ప్రోడక్ట్ తలుపు? దాని గురించి వచ్చినవి రెండు కామెంట్లు. ఒకటి: “రెండో గదిలో తలుపు దానంతటదే తెరుచుకుంటోంది, చిన్న బగ్, చూసుకోండి.” రెండోది: “అవును, నాకూ అదే సమస్య.”

గడువు ముగిశాక కొత్త సరుకు చేర్చకూడదు గానీ, బగ్‌లు దిద్దుకోనిచ్చే జామ్ మాది. పెద్దక్షరం మార్చి మళ్ళీ అప్‌లోడ్ చేశాను. తాళంచెవి బల్ల మీద తళతళలాడింది. నిజాయితీగా సంగతంతా కింద రాసి, క్షమించమన్నాను.

మర్నాటికల్లా నిష్ఠూరాలు. “ముందున్నదే బాగుంది.” “ఇప్పుడిది మామూలు తాళంచెవి ఆట అయిపోయింది.” నాలుగు పేరాల ఆయన ఒక్క లైనే రాశాడు: “మీకు మీ కళ మీద నమ్మకం లేదు.”

మిత్రుడు ఫోన్ చేశాడు. “నేను ముందే చెప్పలేదూ, లాజిక్ అక్కర్లేదని?”

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాను. ఈసారి పేరు తప్పు రాయలేదు. పద్ధతిగా, తెలిసి తెలిసి, తాళంచెవి కనిపించకూడదని కోడ్‌లో ఒక లైను రాసి, అది ఎందుకో పక్కన వివరంగా నోట్ కూడా పెట్టి అప్‌లోడ్ చేశాను. పొద్దున్నే కొత్త కామెంట్ ఒకటి వచ్చింది.

“బగ్: మొదటి గదిలో తాళంచెవి కనిపించడం లేదు. ఫైల్ పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం ఒకసారి సరిచూసుకోండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు అందరూ చేసే తప్పే ఇది.”