గుంతలొస్తే కారెక్కే సైకిలు

మా వీధి చివరి షాపులో వేలాడదీసిన ఒక సైకిలంటే నాకు అపారమైన గౌరవం. ఫ్రేము మీద మంచుకొండ బొమ్మ, ఆ కొండ మీంచి దూకుతున్న మనిషి బొమ్మ. ముందు రెండు షాకులు, సీటు కింద ఎర్రటి స్ప్రింగు, మోటార్‌సైకిలుకి వేయదగ్గ లావు టైర్లు. పేరులో ఒక తుఫాను, ఒక క్రూరమృగం కలిసి ఉన్నాయి. ఈ ఆర్భాటమంతా దాటుకుని కిందికి వంగి, పెడల్ దగ్గర అంటించిన చిన్న స్టిక్కరు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఈ సైకిలు మామూలు రోడ్ల మీద తొక్కడానికి మాత్రమేనట. ఆఫ్‌రోడ్‌కు వాడరాదట.

ఆ స్టిక్కరు రాసిన మహానుభావుడికి నేను రెండు చేతులా దండం పెడతాను. సైకిలు మొత్తం మీద అబద్ధం చెప్పని భాగం అదొక్కటే. పాపం, దాన్ని గోరంత అక్షరాల్లో రాయించారు.

"మరి షాకులెందుకు బాబూ?" అని షాపతన్ని అడిగాను.

"లుక్ సార్."

"వెనక స్ప్రింగో?"

"అది కూడా లుక్కే సార్. పిల్లలు అదే అడుగుతున్నారు."

నిజాయితీపరుడు. ఇలాంటివాళ్లు వ్యాపారంలో తక్కువ.

ఇంతకీ షాక్ చేయాల్సిన పనులు రెండే. గుంత వస్తే కుంగాలి. కుంగాక పద్ధతిగా, తొందరపడకుండా పైకి లేవాలి. మంచి ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగంలో, మొదటి పని గాలితోనో స్ప్రింగుతోనో జరుగుతుంది, రెండో పని లోపలి నూనె చూసుకుంటుంది. లుక్కు కోసం పెట్టిన ఫోర్కులో నూనె గీనె ఏమీ ఉండవు, ఒక స్ప్రింగు, కాస్త గ్రీజు, అంతే. అప్పు ఒక్క క్షణం కూడా ఉంచుకోని మనిషిలాగా, గుంతలో తిన్న దెబ్బని అది వెంటనే మన మణికట్టుకి తిరిగి ఇచ్చేస్తుంది. వెనక స్ప్రింగు ఇంకా వినయంగలది. కాలు నొక్కిన ప్రతిసారీ వంగి నమస్కారం పెడుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే మన బలంలో కొంత చక్రానికి వెళ్తుంది, కొంత ఆ నమస్కారాలకి ఖర్చవుతుంది. ఈ సంస్కారమంతటికీ బరువు 18 కిలోలు.

అయినా కొనేవాళ్లు షాకుల గురించి ఎక్కువ అడగరు. అడిగేది ఒక్కటే. "ఎన్ని గేర్లు?" ఇరవై ఒకటి. ఆహా! తండ్రి కళ్లల్లో తృప్తి. పక్క ఫ్లాటు వాళ్ల అబ్బాయిది పద్దెనిమిదేగా.

ఆ ఇరవై ఒకటి లెక్క ఓసారి చూద్దాం. ఇలాంటి సైకిళ్లలో పెడల్ దగ్గర మామూలుగా 24, 34, 42 పళ్లవి మూడు చక్రాలుంటాయి. వెనక 14 నుంచి 28 పళ్ల దాకా ఏడు. ముందు 42, వెనక 28 వేస్తే పెడల్ ఒక చుట్టుకి వెనక టైరు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది. ముందు 24, వెనక 16 వేసినా అదే ఒకటిన్నర. 34కి 22 వేసినా దాదాపు అంతే. అంటే మూడు గేర్లకి డబ్బులిచ్చి ఒకే గేరు ఇంటికి తెచ్చుకున్నాం. పైగా 42, 28 కలిపితే చైను ఏటవాలుగా సాగి కరకరమంటుంది, కాబట్టి అది వాడకూడని గేరు కూడా. ఇలా జంటలు, కవలలు తీసేస్తే చేతికి మిగిలేవి పన్నెండో పదమూడో. ఆ మిగిలినవైనా వాడతారా అంటే, పిల్లాడు మొదటి వారం టకటకా మార్చి, చైను ఊడి, చేతులు నల్లబడి, ఆ తర్వాత మధ్యలో ఏదో ఒకచోట ఆపేస్తాడు. పదో తరగతి అయ్యేదాకా అదే గేరు. ఖరీదైన కొండ సైకిళ్లు 2012 నుంచి పెడల్ దగ్గర ఒకే పళ్ల చక్రానికి వచ్చేశాయి. పోటీలకెళ్లేవాడికి పన్నెండు గేర్లు సరిపోతున్నాయి, ట్యూషన్‌కెళ్లేవాడికి మాత్రం ఇరవై ఒకటి కావాలి.

ఇదంతా డబ్బులు తక్కువైనవాళ్ల తిప్పలు అనుకునేరు. డబ్బులు ఎక్కువైనవాళ్లని చూడాలి.

మా అపార్ట్‌మెంట్ ఐదో అంతస్తులో ఒక సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి ఉన్నారు. ఆయనది మూడు లక్షల సైకిలు. వెనకా ముందూ అసలు సిసలు షాకులు. ముందు ఫోర్కు 160 మిల్లీమీటర్లు కుంగుతుంది. రాళ్ల కొండల మీంచి దిగే ఎండ్యూరో పోటీలకి వాడే సరుకు. ఆయన తొక్కేది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సైకిల్ ట్రాక్ మీద. తెరిచినప్పుడు 23 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, నెత్తిన ఎండ పడకుండా సోలార్ పలకల కప్పు. హైదరాబాద్‌లో అంత నున్నటి నేల ఇంకోటి చూపిస్తే నేను పేరు మార్చుకుంటాను.

ఆదివారం తెల్లవారుజామున ఆయన తయారీ చూడాలి. మోకాళ్లకి, మోచేతులకి కవచాలు. గడ్డం దాకా మూసే హెల్మెట్. వీపున రెండు లీటర్ల నీళ్ల సంచి, దాన్నుంచి నోట్లోకి గొట్టం. ట్రాక్ పక్కన ఎక్కడ ఆగినా చాయ్ దొరుకుతుంది, కానీ దప్పికతో పోతే పరువు పోతుందని ముందు జాగ్రత్త. ముందు చక్రం పైన చిన్న ప్లాస్టిక్ రేకు ఉంది, బురద మొహాన కొట్టకుండా. కప్పు కింద బురద! హ్యాండిల్ మీద ఒక మీట ఉంది, నొక్కితే సీటు కిందికి దిగుతుంది. నిటారు దిగుడులో శరీరాన్ని వెనక్కి జరుపుకోవడానికి ఆ ఏర్పాటు. ఆయన దాన్ని టిఫిన్ సెంటర్ ముందు కాలు కింద పెట్టడానికి వాడతారు. ఆ హెల్మెట్‌తోనే ఇడ్లీ తినబోయి, చట్నీ గడ్డం దగ్గరే ఆగిపోయిన దృశ్యాన్ని నేను కళ్లారా చూసి తరించాను.

ట్రాక్ మీదికి రాగానే ఆయన మొదట చేసే పని, ఫోర్కు పైన నీలం రంగు మీట తిప్పడం. అది తిప్పితే షాక్ బిగుసుకుపోతుంది. ఎందుకు సార్ అంటే, "నున్నటి రోడ్డు కదండీ, షాక్ ఉంటే ఎనర్జీ వేస్ట్" అన్నారు. అంటే కుంగడానికి లక్ష రూపాయలు పోసి, కుంగకుండా ఉండడానికి ఒక మీట తిప్పుతున్నారు. ఇంత గొప్ప ఆర్థికశాస్త్రం నాకు ప్రభుత్వ టెండర్లలో తప్ప ఎక్కడా కనపడలేదు.

అసలు వినోదం ఆ ఫోర్కు గొట్టం మీదున్న చిన్న రబ్బరు రింగుది. ఫోర్కు ఎంత కుంగితే ఆ రింగు అంత పైకి జరిగి అక్కడే నిలబడుతుంది. సవారీ అయ్యాక చూసుకుంటే, మనకి నిజంగా ఎంత షాకు అవసరమైందో అది చెప్పేస్తుంది. మొహమాటం లేని రింగు. ఒక ఆదివారం ఆయన మీట తిప్పడం మర్చిపోయారు. ఆ రోజు రింగు 45 దగ్గర నిలిచింది. స్కేలు పెట్టి కొలిచి, ఫొటో తీసి, వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "హార్డ్ రైడ్ టుడే." చప్పట్లు, కండల బొమ్మలు. నేను గొంతు సవరించుకుని మనవి చేశాను. సార్, మనిషి ఊరికే ఎక్కి కూర్చుంటేనే ఫోర్కు ఇరవై నుంచి ముప్పై శాతం కుంగాలి, అలా గాలి పెట్టుకోవాలి. 160కి పావు వంతు 40. కాబట్టి ఈ 45లో 40 తమరి బరువుది. హైదరాబాద్ నగరం వాటా ఐదు.

ఆయన మొహం చిన్నబోయింది. తర్వాతి ఆదివారం సెల్లార్‌లో, ఎవరూ చూడట్లేదనుకుని, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద పడి పడి నొక్కుతున్నారు. రింగు పైకెక్కించడానికి! వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి "సార్, ఏమైంది సార్, గాలి పోయిందా?" అని అడిగాడు. 90 దాకా ఎక్కించారు. ఫొటో మళ్లీ గ్రూపుకెళ్లింది.

ఇందులో నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. మా కాలనీ నుంచి మెయిన్ రోడ్డుకి కిలోమీటరు దూరం. మంచినీళ్ల పైపు కోసం తవ్వారు, పూడ్చారు, కేబుల్ కోసం మళ్లీ తవ్వారు, ఈసారి పూడ్చడం మరిచారు. ఆ కిలోమీటరులో 160 మిల్లీమీటర్లూ పనికొస్తాయి, ఇంకో నలభై ఉన్నా కాదనం. ఆ కిలోమీటరు మాత్రం సైకిలు కారు వెనక స్టాండు మీద పడుకుని ప్రయాణిస్తుంది. నున్నటి చోట దిగి తొక్కించుకుంటుంది. గుంతల్లో మూడు లక్షల సైకిలుని కారు షాకులు కాపాడుతున్నాయి. అదే దారిలో అదే పొద్దున పేపర్లు వేసే కుర్రాడు, హ్యాండిల్‌కి రెండు వైపులా సంచులు వేలాడేసుకుని, ఒక్క స్ప్రింగు కూడా లేని పాత నల్ల సైకిలు మీద వెళ్తాడు. సీటుకి గుడ్డ చుట్టుకున్నాడు. అదే అతని సస్పెన్షన్.

ఈ కొండ సైకిలు పుట్టిన చోట కథ తిరగబడి ఉంటుంది. కాలిఫోర్నియాలో మెరిన్ కౌంటీ కుర్రాళ్లు 1970లలో పాత ష్విన్ కంపెనీ లావు టైర్ల సైకిళ్లని మట్టి కొండ మీంచి కిందికి వదిలేవాళ్లు. వెనక్కి తొక్కితే పడే బ్రేకు వేడెక్కి, చక్రం మధ్య హబ్బులో గ్రీజు పొగై పోయేది. కిందికొచ్చాక మళ్లీ గ్రీజు కూరుకోవాలి. ఆ దారిలో 1976లో పందేలు పెట్టుకున్నారు. విరిగిందల్లా చూసుకుని, అది విరగకుండా ఏం కావాలో అది తయారు చేసుకున్నారు. 1977లో వాళ్లలో ఒకడైన జో బ్రీజ్ ఆ కొండ కోసమే ఫ్రేము అతికాడు. షాకు ఫోర్కు బజారుకొచ్చింది 1989లో. రాక్‌షాక్స్ కంపెనీ వాళ్ల ఆ మొదటి ఫోర్కు కుంగేది 50 మిల్లీమీటర్లు కూడా కాదు. మరుసటి ఏడు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గ్రెగ్ హెర్బోల్డ్ దాంతోనే డౌన్‌హిల్, అంటే కొండ దిగే పందెం, గెలిచాడు. అక్కడ ముందు కొండ ఉంది, భాగాలు తర్వాత వచ్చాయి. మనవాళ్లు భాగాలు బిగించుకుని కొండ కోసం గూగుల్ మ్యాప్స్ వెతుకుతున్నారు.

ఎవరైనా వచ్చి, అయితే ఏం కొనాలి అంటే నేను చెప్పేది విసుగొచ్చేంత చిన్నది. కాలనీ, ఆఫీసు, కూరగాయలు అయితే ముందు షాకు లేని గట్టి ఫోర్కు, రెండంగుళాల టైరు, మడ్‌గార్డు, స్టాండు. టైరులో గాలి రాయిలా కొట్టించకండి, టైరు పక్కన రాసిన హద్దుల్లో కింది అంకె దగ్గర పెట్టండి. చచ్చిన షాకు కన్నా ఆ గాలే నడుముని ఎక్కువ కాపాడుతుంది. ఎప్పుడైనా వికారాబాద్ దాకా వెళ్లి అనంతగిరి మట్టిదారులు తొక్కుతానంటే 100 నుంచి 120 మిల్లీమీటర్లు కుంగే మంచి గాలి ఫోర్కు, వెనక షాకు లేని ఫ్రేము చాలు. ఇంతకి మించి కావాల్సినవాడికి ఏం కావాలో వాడికే తెలుసు, నన్ను అడగడు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పెద్దవాళ్ల డబ్బులు, పెద్దవాళ్ల నడుములు.

మొన్న మా బ్లాకులో ఒక పాప పుట్టినరోజుకి కొన్న సైకిలు చూశాను. పదేళ్ల పాప. సైకిలు బరువు పాప బరువులో సగం ఉంటుంది. రెండు షాకులు, రెండు చక్రాలకీ డిస్కు బ్రేకులు. పిల్లల బరువుకి ఆ స్ప్రింగులు అంగుళం కూడా కదలవు, ఉత్త ఇనుము మోయడమే. సరే. సెల్లార్ ర్యాంపు దిగుతూ ఆ పిల్ల గోడకి కొట్టుకుంది. వంగి చూస్తే, ముందు డిస్కు బ్రేకు కుడివైపు, ముందుకి తిరిగి ఉంది. అది ఉండాల్సింది ఎడమవైపు, వెనక్కి. అంటే ఫోర్కుని వెనకది ముందుకు తిప్పి బిగించారు. చక్రం పెడల్‌కి దగ్గరైపోయి, హ్యాండిల్ తిప్పితే పాప బూటు టైరుకి తగులుతోంది. బ్రేకు పట్టుకుంటే పిడి హ్యాండిల్‌కి అంటుకుంటోంది, చక్రం మాత్రం హాయిగా తిరుగుతోంది. రేకుతో చేసిన ఆ డిస్కు కన్నా రిమ్ముని పట్టుకునే రెండు రబ్బరు ముక్కలు నయం. మా కాలనీ వాలు దిగితే నేరుగా నీళ్ల ట్యాంకర్లు తిరిగే రోడ్డు.

వాళ్ల నాన్నకి చూపిస్తే, "మోడలే అంత అనుకున్నానండీ, స్టైలుగా ఉంది కదా" అన్నాడు. ఆయన్ని అనలేను, ఆయనకేం తెలుసు. షాపతనికి తెలియాలి. అట్టపెట్టెలోంచి తీసి పది నిమిషాల్లో బిగించి, టైరు మీద పాలిష్ కొట్టి, హ్యాండిల్‌కి రిబ్బన్లు కట్టి ఇచ్చాడే, వాడికి తెలియాలి. కొండ బొమ్మకి రంగు చాలింది, స్ప్రింగుకి ఇనుము చాలింది, తుఫానుకి పేరు చాలింది. ఒక్క బ్రేకు తీగ బిగించడానికి మాత్రం ఎవడికీ తీరిక చాలలేదు! రాత్రి వెలిగే రిఫ్లెక్టర్లు పెట్టెలోనే ఉండిపోయాయి. "లుక్కు పోతుందని పెట్టలేదు సార్" అన్నాడు. పదేళ్ల పిల్ల చీకట్లో కనపడకపోతే బాగుంటుందని ఏ వెధవ చెప్పాడు నీకు?

ఈ మాట షాపులో గట్టిగానే అన్నాను. సైకిళ్లు చూస్తున్న ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగారు. "కంపెనీ నుంచే అలా వచ్చింది సార్" అన్నాడు. పెట్టెలో విడిగా వచ్చిన ఫోర్కు దానంతటదే బిగించుకుందట.

చివరికి హ్యాండిల్ బోల్టులు వదులు చేసి, ఫోర్కు తిప్పి, తీగ లాగి, రిఫ్లెక్టర్లు పెట్టాడు. పదిహేను నిమిషాల పని. బిల్లు పుస్తకం తీసి సర్వీస్ చార్జి 300 అని రాశాడు. వాళ్ల నాన్న బేరమాడి 250 ఇచ్చాడు.