ఆ వైబ్రేషన్ ఫార్వర్డ్ నమ్మే ముందు

"అరికాళ్ళకి రోజూ పావుగంట గట్టిగా వైబ్రేషన్ ఇస్తే చచ్చిన నరాలు లేస్తాయి, పెద్దవాళ్ళు కుర్రాళ్ళలా నడుస్తారు, ఇక పడిపోరు, ఎక్సర్‌సైజులతో పనే లేదు, సైంటిస్టులు ప్రూవ్ చేశారు" అని ఒకటి తెగ తిరుగుతోంది. పూర్తి అబద్ధమైతే పట్టించుకునేదాన్ని కాదు, ఇందులో కాస్త నిజం ఉంది, అదే చిక్కు.

ప్రూవ్ చేశారా? 2003లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో, వైబ్రేట్ అయ్యే ఇన్‌సోల్స్ (అరికాలి కింద పెట్టుకునే మెత్తలు) మీద సైంటిస్టు జేమ్స్ కాలిన్స్ వాళ్ళ టీమ్ స్టడీ వచ్చింది, నిజమే. అందులో కుర్రవాళ్ళు 15 మంది, పెద్దవాళ్ళు 12 మంది, పైగా వాళ్ళెవరూ నడవలేదండీ, కళ్ళు మూసుకుని నిలబడ్డారు, ఒళ్ళు ఊగడం ఎంత తగ్గిందో కొలిచారు, అంతే. తర్వాత నడక మీద కూడా చిన్న చిన్న స్టడీలొచ్చాయి, అడుగులు కాస్త ఒకేలా పడ్డాయన్నారు, అదీ వైబ్రేషన్ ఆన్‌లో ఉండగా.

అసలు తప్పు ఆ "గట్టిగా" దగ్గరుంది. ఆ స్టడీల్లో ఇచ్చిన వైబ్రేషన్ ఇన్‌సోల్స్ వేసుకున్న మనిషికి తెలియనే తెలియదు, కావాలనే అలా పెట్టారు. వయసుతో అరికాలి స్పర్శ మందగించి చిన్న సిగ్నల్స్ గడప దాటలేక ఆగిపోతాయి, కొంచెం గోల తోడైతే దాటుతాయి, దీన్నే స్టొకాస్టిక్ రెజొనెన్స్ అంటారు. గోల ఎక్కువైతే అసలు సిగ్నలే అందులో మునిగిపోతుంది. మడమ వెనక నరంలా తగిలే ఆ లావుపాటి స్నాయువు మీద గట్టిగా వైబ్రేషన్ పెడితే పిక్క సాగిందని మెదడు పొరబడుతుంది, అంటే మనిషి ముందుకి ఒరిగాడనుకుని ఒంటిని వెనక్కి లాగేస్తుంది. కళ్ళు మూసుకుని ఉంటే వెనక్కి పడేంత పని అవుతుంది కూడా! మసాజ్ మెషీన్‌కీ ఆ ఇన్‌సోల్స్‌కీ పోలికే లేదు.

చచ్చిన నరాలు లేవడం: లేవవు. మందగించిన స్పర్శకి సాయం చెయ్యడం వేరు, పోయినదాన్ని తేవడం వేరు. షుగర్ వల్ల పాదాలు పూర్తిగా మొద్దుబారినవాళ్ళకైతే పెంచడానికి సిగ్నలే ఉండదు, పైగా ఆ మెషీన్ ఒరుసుకుని పుండు పడినా తెలీదు.

ఎక్సర్‌సైజులు అక్కర్లేదన్నవాళ్ళు 2019 కాక్రేన్ రివ్యూ (ఎన్నో ట్రయల్స్‌ని కలిపి తూచి చూసే రిపోర్ట్) చూడాలి, 108 ట్రయల్స్, 23 వేల మందికి పైగా, ఎక్సర్‌సైజ్ చేసినవాళ్ళలో పడిపోవడాలు 23 శాతం తగ్గాయి. ఒంటికాలి మీద నిలబడటం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం లాంటివే ఎక్కువ, బోరే, ఒప్పుకుంటా.

ఇక పడిపోరు అన్నదానికొస్తే, నిద్రమాత్ర మత్తులో రాత్రి లేచి పడేవాళ్ళున్నారు, ప్రోగ్రెసివ్ కళ్ళజోడుతో (పైభాగం దూరానికి, కిందభాగం దగ్గరికి) కిందకి చూస్తే మెట్టు మసకగా కనపడి పడేవాళ్ళున్నారు, వాళ్ళకి అరికాలిలో ఏం పెడితే ఏం లాభం?